చెట్టు పైనుంచి

ముక్తేశ్వరం,
14-6-2003.

బొమ్మలు వేసే యామిని గారికి,

కిందటి నెల మా తోటలో కూర్చుని పిల్లల పుస్తకానికి బొమ్మలు వేసుకున్నారు కదండీ. అప్పుడు మీరు, "తాతగారూ, కొబ్బరిచెట్టు పైనుంచి చూస్తే కింద ఎలా ఉంటుంది?" అని అడిగారు. నాకు సిగ్గేసి "ఏముంటాదండీ" అనేశాను. ఆ బొమ్మ వేయాల్సిన ఒక్క పేజీ ఖాళీగా ఉండిపోయిందని మీరు ఉత్తరం రాశాక నాకు మనసు ఊరుకోలేదు. నలభై ఏళ్లు చెట్లెక్కి కాయలు దింపే పని చేశాను గానీ, గెలనీ కత్తినీ చూసుకోవడమే తప్ప కింద ఏముందో చూడలేదండీ.

అందుకని మొన్న పొద్దున్న ఎక్కాను. మోకాళ్ల నొప్పులతో మానేసి నాలుగేళ్లయింది.

పక్కనున్న పొట్టి చెట్లకి మాను కనపడదండీ, ఆకులు బండిచక్రాల్లా ఉన్నాయి. మా గేదెకి కాళ్లు లేవు, ఉత్త వీపే. దారిన పోయేవాళ్లకి మొహాలు లేవు, తలకాయలే నడుస్తున్నాయి. చిత్రంగా అనిపించి దిగబుద్ధి కాలేదు.

ఇంతలో మా ఇంటావిడ చూసేసింది. "ఈ వయసులో నీకేం పోయేకాలం వచ్చింది? దిగు!" అని తలెత్తి అరిచింది. అంతమందిలో ఆవిడ ఒక్కదానికే మొహం ఉందండీ. అదే వేయండి.

అప్పట్నించీ నాతో మాట్లాడటం లేదు. ఇప్పుడే ఈ కాగితంలోకి తొంగిచూసి, "ఆ మాసిన చీర వద్దని రాయి. ఎర్రంచుది వెయ్యమను" అంది.

ఇట్లు,
మీకు బొండం కొట్టి ఇచ్చిన ముసలాయన.