నాన్న స్వెటరు, నిమ్మతొక్కలు

అమ్మా, నేను కులాసాగానే ఉన్నాను. అడవిలో టవరెక్కేటప్పుడు నడుముకి తాడు కట్టుకుంటున్నాను, భయపడకు.

నాన్న పోయాక బీరువాలో దాచి, మొన్న నువ్వు పంపిన ఆయన స్వెటరు అందింది. చలికి అదే వేసుకుని పనిలోకి వెళ్లాను. చెట్లు వదిలే వాసనల్ని ఎండలో గాలి ఎంత తొందరగా తినేస్తుందో కొలవడం కదా మా పని. గాలి పీల్చే గొట్టం పక్కన నిలబడ్డానో లేదో, మిషన్లో గీత ఒక్కసారిగా పైకి లేచింది. అడవికేదో అయిందని అందరం హడావిడి పడ్డాం. మా పెద్ద మేడమ్ మాత్రం నా భుజం దగ్గర వాసన చూసి, "అడవి కాదమ్మాయ్, నీ స్వెటరు!" అంది. పురుగు పట్టకుండా నువ్వు మడతల్లో పెట్టిన నిమ్మతొక్కల వాసన! ఇక్కడి చెట్లు వదిలేదీ ఆ జాతి వాసనే.

ఆ పూట కొలతలన్నీ కొట్టేశారు. స్వెటరు విప్పి ఎండలో తీగ మీద వేశాను. సాయంత్రానికి నిమ్మవాసన పోయింది. నాన్న వాసనా పోయింది. ఎండలో వాసన పోవడాన్ని రోజూ కొలిచేదాన్ని, నాకే తట్టలేదు.

తమ్ముడి దగ్గు తగ్గిందా? వంటింటి కిటికీ బాగుచేయించావా? నా పాత కళ్లజోడు పంపించు. వాడికి ముద్దులు.

చోటు లేక అంచున రాస్తున్నాను. నాన్న మఫ్లరు ఉతక్కు. తొక్కలూ పెట్టకు. మూత బిగుతుగా ఉన్న డబ్బాలో దాచు. మరీ బెంగగా ఉంటే ఒక్కసారి తీసి వాసన చూసుకుని, వెంటనే మూత పెట్టెయ్.

నీ పెద్దపిల్ల