చివరి వరుసలో మూడు సీట్లు

అమ్మాయీ,

పాలు కాచి మూతపెట్టాను, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టు. పిల్లలిద్దర్నీ సెలవుల నాటకానికి తీసుకెళ్తున్నాను. ఆరున్నరకల్లా వచ్చేస్తాం. ఏడైనా రాకపోతే హాలుకి ఫోన్ చెయ్యి, నంబరు క్యాలెండర్ మీద రాశాను.

ముందు వరుసలో కూర్చోబెట్టలేదని వాళ్ళు నా మీద చాడీలు చెప్తారు. కావాలనే చివరి వరుసలో, పక్క తలుపు దగ్గర తీసుకున్నాను. టిక్కెట్ లేనివాళ్ళు దూరతారని, నాటకం మొదలవగానే ఆ తలుపుకి లోపల్నుంచి తాళం వేసేస్తారు. అంత జనంలో ఒక్క నిప్పురవ్వ చాలు. టిక్కెట్లు కొన్న రోజు నుంచి నాకు కంటిమీద కునుకు లేదు. పిల్లలకి మాటిచ్చేశాను, ఇప్పుడు మానలేను.

నాన్న

సుత్తి కోసం వెతక్కు, నా సంచిలో ఉంది. నవ్వకు. ఆ హాల్లో పనిచేసిన ముప్పై ఏళ్ళూ ఆ తాళం వేసింది నేనే. అప్పుడు ఒక్కరోజైనా భయం వెయ్యలేదు.