ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?

సిద్దిపేట
ఆదివారం మధ్యాహ్నం

బాపూ,

ఫోన్ చేస్తే సరిపోయేదానికి ఇంత రాత ఎందుకని అనుకుంటావు. నువ్వు ఫోన్ ఎప్పుడూ స్పీకర్ పెట్టి మాట్లాడతావు. పక్కన అమ్మ ఉంటుంది, అరుగు మీద ఎవరో ఒకరు కూర్చొని ఉంటారు. ఇక్కడ మాది ఒకటే గది, ఎంత మెల్లగా మాట్లాడినా అత్తమ్మకు వినిపిస్తుంది. పైగా ఈ సంగతి నోటితో చెప్పగలనని నాకు నమ్మకం లేదు. దీన్ని అమ్మకు చదివి వినిపించకు. ముందు నువ్వొక్కడివే చదువు.

పిల్లవాడికి ఒళ్లంతా పొక్కులు లేచాయి, ఎవరూ ముట్టవద్దని డాక్టరమ్మ చెప్పింది అన్నాను కదా. అది అబద్ధం. వాడికి పొక్కులేమీ లేవు. నువ్వు వాడిని చూడటానికి వచ్చిన రోజు ఒడిలో పెట్టుకొని, ఉక్కపోస్తోందని గుడ్డ కాస్త వదులు చేయబోయావు. నేను చటుక్కున లాక్కున్నాను. నీ చేతులు బాగాలేవని అలా చేశాననుకొని నువ్వు బయటికి వెళ్లి, నల్లా దగ్గర సబ్బు పెట్టి కడుక్కొని వచ్చావు. అయినా నేను ఇవ్వలేదు. టీ తాగి కోహెడ బస్సెక్కావు. ఆ రోజు నుంచి నీకు రాయాలనుకుంటూనే ఉన్నాను.

వాడు మగపిల్లవాడే బాపూ. కానీ వాడు ఒంటికి పోసే రంధ్రం ఉండాల్సిన చోట, కొనన లేదు. కింది పక్కన, మధ్యలో ఉంది. ధార ముందుకు రాదు, తొడల మీదికి కారుతుంది. పుట్టిన మరునాడే డాక్టరమ్మ చూసి చెప్పింది. కొందరు మగపిల్లలు ఇలా పుడతారు, ఏడాది వయసు వచ్చాక ఆపరేషన్‌తో సరిచేయవచ్చు, పిల్లల సర్జన్‌కు చూపించండి అంది. ఎందుకు వచ్చిందని అడిగితే, ఇదీ అని ఒక్క కారణం చెప్పలేమంది. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగింది. తమ వైపు ఎవరికీ లేదని అత్తమ్మ అంది. మా వైపూ లేదని నేనన్నాను. ఆ మాట అడిగినందుకే నాకు తల కొట్టేసినట్టయింది.

సర్జన్ దగ్గరికి మేము వెళ్లలేదు. అమ్మ కాలు విరిగి మంచాన పడటంతో కాన్పు ఇక్కడే జరిగింది కాబట్టి వాడికి నీళ్లు పోసేది అత్తమ్మే. మొదటిసారి నీళ్లు పోసిన రోజే నన్నూ హరీశ్‌నూ కూర్చోబెట్టి, “గిది మన ముగ్గురిని దాటి పోవద్దు. రేపు వీనికి పిల్లనెవ్వలిస్తరు?” అంది. ఆమె చెడ్డది కాదు. వాడిని కాళ్ల మీద పడుకోబెట్టుకొని కొంగుతో కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. కానీ ఆమె మాటకు మేమిద్దరం తలూపాం, ఇప్పటిదాకా అలాగే ఉన్నాం.

టీకా వేయాలంటే తొడ మీద గుడ్డ తీయాలి కదా. అందుకని పుట్టినప్పుడు వేసినవి తప్ప వాడికి ఒక్క టీకా కూడా పడలేదు. నర్సు స్వరాజ్యలక్ష్మి గారు వచ్చి తలుపు కొడితే, వాడు ఏడవకుండా రొమ్ము నోట్లో పెట్టి, ఊపిరి బిగబట్టుకొని కూర్చుంటాను. పోయిన వారం వాడికి జ్వరం, దగ్గు వచ్చాయి. ఒళ్లు కాలిపోతున్నా దవాఖానకు తీసుకెళ్లలేదు. హరీశ్ మందుల షాపులో అడిగి తెచ్చిన సిరప్ పోశాం. తగ్గింది. కానీ వాడి ప్రాణం కంటే నా పరువే నాకు ఎక్కువైందని ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

ఇక అసలు రాయలేక ఆగిపోతున్న సంగతి. పోయిన ఏడు వానలకు మన పత్తిలో గడ్డి మోకాలెత్తు లేచింది. కలుపుకు మనుషులు దొరకలేదు. నువ్వు ఆ ఏడే కొత్త విత్తనం వేశావు. సంచి మీద పేరూ ఊరూ లేదు. దీనిమీద గడ్డి మందు కొట్టినా గడ్డే చస్తుంది గానీ పత్తి చావదు అన్నావు. సాయానికి నన్ను రమ్మన్నావు. నేను డ్రమ్ములో నీళ్లు నింపాను, మందు డబ్బా చేత్తోనే కడిగాను, నువ్వు పంపు వీపుకు వేసుకొని కొడుతుంటే వెనకాలే నీళ్లు మోశాను. గాలి మన వైపే తిరిగింది. నా చీర తడిసింది. ఆ చీరతోనే గట్టు మీద కూర్చొని అన్నం తిన్నాను. అప్పటికే వాడు కడుపులో ఉన్నాడు. నెల తప్పిందని నాకు అనుమానం ఉండింది, నీకు చెప్పడానికి సిగ్గుపడ్డాను.

హరీశ్ పనిచేసే టైర్ల షాపులో ఎవరో ఫోన్‌లో ఒక వీడియో చూపించారట. గడ్డి మందుల వల్ల కడుపులో పిల్లలకు లోపాలు వస్తాయని ఒకాయన, అది రుజువు కాలేదని ఇంకొకాయన వాదించుకున్నారట. హరీశ్ మొదటాయన మాటే పట్టుకొని ఇంటికొచ్చాడు. అరవలేదు. పిల్లవాడి పక్కన కూర్చొని, “మీ బాపు చేన్లకు పోకుంటె అయిపోవు గదా” అన్నాడు. అంతే.

నువ్వు తెలిసి చేయలేదని నాకు తెలుసు. అయినా నీ మీద కోపం వస్తోంది. నీ మీద కోపం వచ్చినందుకు మళ్లీ సిగ్గేస్తోంది. రెంటి మధ్యా నలిగి ఒక నిర్ణయానికి వచ్చాను. వాడిని కోహెడకు తీసుకురాను. తొట్టెల వేడుక ఎప్పుడని మీరు అడగవద్దు. ఇంకో బిడ్డను కనను. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకుంటానని హరీశ్‌కు చెప్పాను. ఈ ఏడు కూడా అదే విత్తనం వేశావని అమ్మ అంది. ఆ చేనులో నేను ఇక అడుగు పెట్టను. నువ్వు బాధపడతావని తెలిసే రాస్తున్నాను.

నీ బిడ్డ
మహేశ్వరి


కోహెడ
గురువారం

బిడ్డా మహేశ్వరీ,

నీ ఉత్తరం మంగళవారం అందింది. చేను గట్టు మీద కూర్చొని చదివాను. ఏడో తరగతిలో ఆగిన చదువు నాది. రాత వంకరగా ఉంటుంది, ఓపిక పట్టి చదువుకో.

నీకు నిజం చెప్పాలి. నీ ఉత్తరం చదవగానే నాకు మొదట కలిగింది దుఃఖం కాదు. గుండె తేలికపడింది. అందరూ మందు వల్లే అనుకుంటున్నారు కదా, అనుకోనీ అనిపించింది. నా విత్తనం వల్ల, నా పంపు వల్ల మనవడికి ఇలా అయిందని లోకమంతా తిట్టినా పడతాను గానీ, ఇంకో మాట మాత్రం నా నోటి నుంచి రాకూడదనుకున్నాను. ఒక రోజంతా అలాగే గడిపాను. మరునాడు అన్నం పెడుతూ మీ అమ్మ ఏమైందని అడిగింది. నువ్వు వద్దన్నా దాచలేక చెప్పాను. ఆమె వడ్డించడం ఆపి నా ఎదురుగా కూర్చుంది. తర్వాత, “నువ్వు చెప్తవా, నన్ను కుంటుకుంట పొయ్యి చెప్పమంటవా?” అంది.

ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని డాక్టరమ్మ అడిగితే నువ్వు లేదన్నావు. నీకు తెలియదు కాబట్టి లేదన్నావు. ఉంది బిడ్డా. నాకుంది. నేనూ వాడిలాగే పుట్టాను.

నన్ను కన్న మా అవ్వ దాన్ని చివరిదాకా దాచింది. ఆపరేషన్ ఉంటుందని చెప్పేవాళ్లు అప్పుడు లేరు. నిలబడి ఒంటికి పోసుకుంటే బట్టలు తడిసేవి, కూర్చునే పోసుకునేవాణ్ణి. బడిలో పిల్లలు అది గమనించారు. ఒకనాడు బడి వెనకాల నలుగురు పట్టుకొని నా నిక్కరు లాగారు. నవ్వారు. నన్నొక ఆడపేరు పెట్టి పిలిచారు. ఆ తర్వాత నేను బడికి పోలేదు. చదువు తలకెక్కక మానేశానని నీకు చెప్పింది అబద్ధం. వయసొచ్చాక పెళ్లి వద్దని మొండికేశాను. మా బాపు వినలేదు. పెళ్లయ్యాక మీ అమ్మకు దగ్గరగా పోవడానికే భయపడి చాలా రోజులు చెలకలోనే పడుకున్నాను. చివరికి సంగతి చెప్పి, ఇష్టం లేకపోతే మీ ఇంటికి వెళ్లిపో, నేనేమీ అనను అన్నాను. “గీ మాత్రం దానికేనా మొకం దాసుకొని తిరుగుతున్నవు” అంది. తర్వాత నువ్వు పుట్టావు. ఇన్నేళ్లలో ఆమె ఎవరి ముందూ నోరు జారలేదు.

నేను పుట్టిన నాటికి మన చెలకల్లో జొన్న, కంది తప్ప పత్తి లేదు. గడ్డి మందు పేరు ఎవరూ వినలేదు. కాబట్టి వాడికి ఇది నా నుంచే వచ్చి ఉండవచ్చు. అలాగని మందు వల్ల ఏమీ కాదని నేను చెప్పలేను. రెండూ కలిసి చేశాయో, రెంటిలో ఏదీ కాదో నాకు తెలియదు. నిన్ను నీళ్లు మోయమని పిలిచింది మాత్రం నేనే. నీ చీర తడవడం చూసి కూడా, ఇంకో రెండు సాళ్లే ఉన్నాయి కానీయమన్నాను. డబ్బా మీద జాగ్రత్తలేమైనా రాశారేమో చదవను కూడా లేదు. ఈ ఏడు వేసిన పత్తి మొలిచి నిలబడింది, దాన్ని పీకేయలేను. గడ్డి మందు మాత్రం కొన్న చోటే తిరిగి ఇచ్చేశాను. పక్క చేను బాలరాజు ఎడ్లు అడిగి, కలుపు పోవడానికి గుంటుక తోలిస్తున్నాను. మొక్కల మొదట్లో మిగిలింది నేనే చేత్తో పీకుతున్నాను. వచ్చే ఏడు ఆ విత్తనం జోలికి పోను.

పిల్లలు వద్దని ఆపరేషన్ చేయించుకుంటానన్నావు. నీ ఒళ్లు, నీ ఇష్టం. ఒక్కటి మాత్రం అడుగుతాను. నాలాంటివాడు పుట్టకుండా ఉంటేనే మేలని నీకనిపిస్తోందా? కోపంతో అడగడం లేదు బిడ్డా. చిన్నప్పటి నుంచి నన్ను నేను అడుగుతున్నదే ఇది.

సోమవారం పొద్దున బస్సుకు వస్తాను. వాడిని సర్జన్‌కు చూపిద్దాం. అల్లుడికీ మీ అత్తమ్మకూ నా సంగతి నువ్వు చెప్పకు. నేనే చెబుతాను.

బాపు
దుబ్బయ్య


సిద్దిపేట
బుధవారం

బాపూ,

నువ్వు వచ్చి వెళ్లి వారం దాటినా నీతో ఒక మాట అనలేకపోయాను. ఎదురుగా ఉన్నప్పుడే అనాల్సింది.

సర్జన్ గది ముందు బెంచీల నిండా మనుషులున్నారు. తలుపు తెరిచే ఉంది. ఆయన వాడిని చూసి, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగాడు. ముందు రోజు అత్తమ్మకూ హరీశ్‌కూ చెప్పేటప్పుడు నీ గొంతు వణికింది. అక్కడ మాత్రం వణకలేదు. “నాకున్నది సారూ. వీని తాతను” అన్నావు. బయటివాళ్లంతా తలతిప్పి నీ వైపు చూశారు. నేను తల వంచుకున్నాను. నువ్వెవరో నాకు తెలియనట్టు వాడి గుడ్డలు సర్దుతూ ఉండిపోయాను. అది నువ్వు చూశావు. వెళ్లేటప్పుడు కూడా నన్నేమీ అనలేదు. నా కోసం అంత మాట బయటపెట్టిన మనిషి పక్కన నిలబడటానికి సిగ్గుపడ్డాను బాపూ. నన్ను క్షమించు.

డాక్టరు మాటే తిరిగి తిరిగి గుర్తొస్తోంది. తాతకు ఉంటే మనవడికి రావడానికి అవకాశం ఎక్కువే అన్నాడు. గడ్డి మందు సంగతి హరీశ్ అడిగితే, “అవునని చెప్పలేను, కాదని చెప్పలేను. దాని మీద ఇంకా పరిశోధనలు జరుగుతున్నయ్. కడుపుతోటి ఉన్నోళ్లు మాత్రం మందు కొట్టే చేనుకు పోవద్దు, గదొక్కటి గట్టిగ చెప్తా” అన్నాడు. ఏడాది నిండాక తీసుకురమ్మన్నాడు. హరీశ్ ఇంటికొచ్చి చాలాసేపు వాడి పక్కన పడుకున్నాడు. మామను అనవసరంగా అన్నానని ఒక్కసారే అన్నాడు. పిల్లలు వద్దనే ఆపరేషన్ గురించి మేమిద్దరం మళ్లీ మాట్లాడలేదు. నీలాంటివాడు పుట్టకుండా ఉంటేనే మేలా అని నువ్వు అడిగిన దానికి జవాబు ఇది అనుకో.

ఈ రోజు టీకాలకు వెళ్లాం. అత్తమ్మ కూడా వచ్చింది. ఇన్నాళ్లు ఎందుకు తీసుకురాలేదని స్వరాజ్యలక్ష్మి గారు కోప్పడితే, నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ, “మాదే తప్పు మేడం, నామోషీకి దాసినం” అంది. ఎందుకు దాచారో ఆమె అడగలేదు. గుడ్డ తీసి చూసి, సూది వేసి, సర్జన్‌కు చూపించారా అని మాత్రం అడిగింది.

నా పక్కన బెంచీ మీద నాలుగో నెల కడుపుతో ఒక అమ్మాయి కూర్చొని ఉంది. బెజ్జంకి వైపు ఊరు. చెకప్ తొందరగా అయితే బాగుండు, ఎల్లుండి మా చేనులో గడ్డి మందు కొడుతున్నారు, నీళ్లు అందించడానికి నేను తప్ప ఎవరూ లేరు అంది. పోవద్దన్నాను. ఎందుకక్కా అని అడిగింది. ఊరికే అని తప్పించుకోవచ్చు. కానీ చెప్పాను. నా కొడుకు ఇలా పుట్టాడని, నేను కడుపుతో ఉన్నప్పుడు మందు చేనులో నీళ్లు మోశానని, మా బాపూ ఇలాగే పుట్టాడని, రెంటిలో దేనివల్లో ఎవరికీ తెలియదని అంతా చెప్పాను. “తెల్వనప్పుడు నువ్వెందుకు పోవుడు? మీ ఆయనకు చెప్పు. ఆయన వినకుంటె మీ అత్తకు చెప్పు” అన్నాను. మా బాపు అని గట్టిగానే అన్నాను. ఇటువైపు కూర్చున్నవాళ్లకు వినిపించే ఉంటుంది.

ఆ అమ్మాయి వాడి వైపు వంగి చూసింది. సూది నొప్పికి ఏడ్చి ఏడ్చి అప్పుడే ఊరుకున్నాడు. “సక్కగనే ఉన్నడు గదక్కా” అని వాడి పాదం పట్టుకొని ఊపింది. వాడు నవ్వాడు. అత్తమ్మ గుడ్డ అందించింది గానీ నేను కప్పలేదు. మా వంతు అయిపోయినా వాడిని అలాగే ఒడిలో పెట్టుకొని, ఆ అమ్మాయిని లోపలికి పిలిచేదాకా కూర్చున్నాను.

నీ బిడ్డ
మహేశ్వరి