పేతురు పేరు గీసిన కెమెరా

ఏలూరు,
అక్టోబరు 12.

చెల్లెమ్మ పాపమ్మకు రసూల్ అన్నయ్య రాసేది.

ముందుగా నా రాత చూసి విసుక్కోకమ్మా. మిషను బడిలో మీ అన్న పేతురు పక్కన కూర్చుని అయిదో తరగతి దాకా చదివినవాణ్ణి. ఒత్తులు అప్పుడూ సరిగా రాలేదు, ఇప్పుడూ రావు. తప్పులుంటే నీ మనవరాలు కెజియాని సర్దుకుని చదవమను. ఫోను చేద్దామని రెండుసార్లు నీ నెంబరు నొక్కాను. నువ్వు ఎవరండీ అనేసరికి పెట్టేశాను. అది నేనే.

ఈసారి నవంబరు రెండున సమాధుల పండుగకి కొల్లేటికోటలో పేతురు పేరున రాయి వేయిస్తున్నావట. యుద్ధంనుంచి శవం రాలేదు కాబట్టి రాయి కింద ఆగస్టులో నీకిచ్చిన ఆ కెమెరాని పెట్టెలో పెట్టి పూడుస్తావట. ఫణికిరణ్ గారు చెప్పారు. పూడ్చకమ్మా. అది పేతురు కెమెరా కాదు. దాని అడుగున ఉన్న వాడి పేరూ సైన్యం నెంబరూ మొన్న వేసవిలో నేను సూదితో గీసినవి.

ఎందుకు గీశానో చెబుతాను. తాడేపల్లిగూడెంలో ఫణికిరణ్ గారి మేడ మీద గది నిండా అద్దాల బీరువాలే. యుద్ధాలకి వెళ్లిన సైనికులు వాడిన కెమెరాలు ఎక్కడెక్కడినుంచో వెతికి తెచ్చి అందులో పెడతారు. బర్మా యుద్ధం నాటిది కూడా ఒకటుంది. నేను నెలకోసారి బస్సెక్కి వెళ్లి కెమెరా అద్దాల మీది బూజు తుడిచి, బిగుసుకుపోయినవి కదిలించి వస్తుంటాను. ఆరేళ్లయింది. ఏమయ్యా వచ్చావా, పని చూసుకో అనేవారు. మంచివారే. కానీ ఆయన స్నేహితులు వస్తే నేను గోడవార నిలబడేవాణ్ణి. ఒకరోజు ఆయన, ఢిల్లీనుంచీ కలకత్తానుంచీ ఇన్ని తెచ్చాను, మన వైపు సైనికుడిది ఒక్కటీ లేకపోయె అని బాధపడ్డారు. నా దగ్గరొకటుందండీ అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలీదు. డెబ్బై ఒకటిలో యుద్ధంలో పోయిన నా స్నేహితుడిదండీ అన్నాను. ఆయన లేచి, తన పక్కన కుర్చీ జరిపి, "కూర్చోండి రసూల్ గారూ" అన్నారు.

ఆ కుర్చీ కోసం అబద్ధమాడానమ్మా. ఇంట్లో పడున్న పాత కెమెరా తీశాను. పేతురు నాకు రాసిన ఒకే ఒక్క ఉత్తరం మీది నెంబరు చూసి గీశాను. గీతలు కొత్తగా మెరుస్తుంటే దీపం మసి రుద్దాను. పోయినవాడి పేరు ఎక్కడో ఒకచోట ఉంటుందిలే అనీ అనుకున్నాను. అది తర్వాత దొరికిన సాకు.

ఆగస్టులో ఏలూరు కాలేజీలో అవన్నీ జనం చూడ్డానికి పెట్టినప్పుడు, కెజియా ఫోనులో ఆ కెమెరా ఫొటో మీద పేతురు పేరు చూసి నిన్ను తీసుకొస్తుందని నేననుకోలేదు. నువ్వు దాన్ని చెంపకి ఆనించుకున్నావు. ఫణికిరణ్ గారు కళ్లు తుడుచుకుని, ఇది మీదేనమ్మా అని నీ చేతుల్లోనే ఉంచేశారు. నేను గుడ్డ పట్టుకుని తలుపు పక్కన ఉన్నాను. నువ్వు నన్ను గుర్తుపట్టి, "అన్నయ్య దగ్గర కెమెరా ఉండేదని నీకు తెలుసా?" అని అడిగావు. తెలుసమ్మా అన్నాను. రెండు నెలలనుంచీ ఆ ఒక్క మాట నన్ను అన్నం మింగనివ్వట్లేదు.

ఫణికిరణ్ గారికీ చెబుతాను. నీకు ముందు చెప్పాలనిపించింది. తిట్టాలనిపిస్తే తిడుతూనే రాయించు, వెంటనే మాత్రం రాయించు.

మీ అన్న స్నేహితుడు,
రసూల్


ఏలూరు,
అక్టోబరు 24.

అమ్మా పాపమ్మా,

కెజియా చేతిరాతలో నీ ఉత్తరం అందింది. జేబులో పెట్టుకు తిరుగుతున్నాను. ఫణికిరణ్ గారికి చెప్పేశాను. ఆయన కేకలెయ్యలేదు. ఇక మీరు రావద్దండీ అన్నారు. అండీ మాత్రం మానలేదు.

నువ్వూ తిట్టలేదు. అబద్ధమైనా సరే అదే పూడుస్తాను, ఒట్టి మట్టి మీద రాయి వెయ్యలేను అని రాయించావు. దాని కింద ఇంకో మాట అడిగావు. ఆఖరిసారి సెలవు ముగించుకుని వెళ్తూ ఏలూరులో ఫొటో తీయించుకున్నానని పేతురు ఇంటికి రాశాడనీ, మీ నాన్న మూడుసార్లు పడవా బస్సూ ఎక్కి వచ్చి స్టూడియోలో అడిగితే తియ్యలేదన్నారనీ, అమ్మని సంతోషపెట్టడానికి కొడుకు అబద్ధం రాశాడని ఆయన పోయేదాకా అనుకున్నాడనీ. నేను ఆ స్టూడియోలోనే పనిచేసేవాణ్ణి కాబట్టి, తీయించుకున్నాడా లేదా, ఒక్క ముక్క చెప్పమన్నావు.

తీయించుకున్నాడమ్మా. నేనే తీశాను.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. ఊడవడం, ఫొటోలు కడిగే ట్రేలు తోమడం నా పని. కెమెరా ముట్టుకోకూడదు. యజమాని అత్తిలిలో పెళ్లికి వెళ్లిన రోజు పేతురు యూనిఫారంలో వచ్చాడు. రైలుకి గంట టైముంది. నువ్వే తియ్యరా అన్నాడు. నాకు రాదని చెప్పడానికి సిగ్గేసింది. రీలు ఎక్కించాను. దాని కొస అవతలి చక్రానికి పట్టుకుందో లేదో చూసుకోలేదు. పిడి తిప్పుతుంటే చప్పుడు వస్తూనే ఉంది, లోపల రీలు కదల్లేదు. పన్నెండుసార్లు నొక్కాను. నవ్వకురా, సైనికుడివి అంటే పన్నెండుసార్లూ నవ్వాడు. తీసింది నేనని తెలిస్తే నా పని పోతుంది, నా పేరు ఎక్కడా చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. నిలబెట్టుకున్నాడు.

కడిగితే అంతా ఖాళీ. వచ్చే సెలవుకి మళ్లీ తీద్దాంలే అనుకున్నాను. నెంబరు చూసి గీశానన్నానే, ఆ ఉత్తరంలో వాడు అడిగింది ఒక్కటే. అమ్మకి ఫొటో చేరిందా అని. ఏం రాయాలో తోచక నేను జవాబు రాయలేదు. తర్వాత రాయడానికి వాడు లేడు.

మీ నాన్న వచ్చిన మూడుసార్లూ నేను లోపల ఫొటోలు కడిగే గదిలో, ఎర్ర బల్బు కింద ఉన్నాను. యజమానికి ఏమీ తెలీదు, మేం తియ్యలేదండీ అని తనకి తెలిసిన నిజమే చెప్పాడు. మూడోసారి మీ నాన్న, "మావాడు అబద్ధం రాయడండీ" అన్నాడు. చాలా మెల్లగా అన్నాడు. నాకూ ఆయనకీ మధ్య ఉన్నది ఒక నల్ల గుడ్డ తెర. చెయ్యెత్తి పక్కకి జరపలేకపోయాను. చెప్పుల చప్పుడు వీధిలోకి వెళ్లేదాకా విన్నాను.

స్టూడియో ఎత్తేసినప్పుడు సామాను చెత్తలో పారేస్తుంటే ఆ రోజు నేను వాడిన కెమెరా తెచ్చుకున్నాను. నీ దగ్గరున్నది అదే. అది యుద్ధం చూడలేదు, మీ అన్నని మాత్రం చూసింది. అందులో ఏమీ మిగల్లేదు, నా కళ్లలో ఉండిపోయింది. టోపీ ఎడమవైపుకి వాలింది. మెడ దగ్గర గుండీ ఊడితే పిన్నీసు పెట్టుకున్నాడు, అది కనబడకుండా గడ్డం కాస్త దించమన్నాను. నవ్వితే ఒక చెంప మీదే సొట్ట పడింది. నీకూ అలాగే పడుతుంది, మొన్న చూశాను.

ఇప్పుడు దాన్ని పూడుస్తావో, కొల్లేట్లో విసిరేస్తావో నీ ఇష్టం. కానీ మీ నాన్న సమాధి దగ్గర ఒక మాట చెప్పాల్సి ఉంది, పేతురు అబద్ధం రాయలేదని. అది నేను చెప్పాల్సిన మాట. నీకు ఒప్పుదలైతే పండుగనాడు పొద్దున్నే వచ్చి సమాధుల తోట గేటు బయట నిలబడతాను. పిలిస్తే లోపలికి వస్తాను. నా మొహం చూడలేనంటే, నా బదులు నువ్వు చెప్పమ్మా. రెండో తారీఖు ఎంతో దూరం లేదు. ఏదో ఒకటి త్వరగా రాయించు.

రసూల్