నాలుగో పోర్టు

మే 19, సోమవారం

లోపలి మెషీన్ ఇవాళ కూడా లేవలేదు. మూడుసార్లు ప్రయత్నించాను. మూడుసార్లూ తెర మీద అదే ఎర్ర అక్షరాలు — ‘ఐఓఎంఎంయూ దొరకలేదు’. అర్థం తెలియదు. అయినా అక్షరం పొల్లు పోకుండా రిజిస్టర్‌లో ఎక్కించాను.

ఇదంతా మా చెల్లి సుమ ఆలోచన. ఒకే కంప్యూటర్ డబ్బాలో రెండు మెషీన్లు. బయటిది డబ్బాను నడుపుతుంది. దాని లోపల సాఫ్ట్‌వేర్‌తోనే కట్టిన, చేతికి అందని మెషీన్ ఇంకొకటి, పెళ్లి వీడియోల డిస్కులను చూసుకోవడమే దాని పని. డిస్కుల తీగలన్నీ గుచ్చి ఉన్న కార్డును దానికి ఇచ్చేయాలి. “ఒక్కొక్క డిస్కు ఇస్తే లాభం లేదక్కా, కార్డునే మొత్తంగ ఇయ్యాలె” అంది మొన్న.

నేను చూస్తానన్నాను. మా ఆయన స్టూడియో షట్టర్ ఎత్తుతూ — “నీకెందుకు తిప్పలు? సుమకు జెప్త. చిటికెల చేస్తది.”

పదకొండేళ్లుగా ఈ స్టూడియో డిస్కులు చూసేది నేను. ఏ పెళ్లి ఏ డిస్కులో ఉంది, ఏ డిస్కు ఏ తీగ మీద ఉంది, ఎప్పుడు మార్చాను — అన్నీ రిజిస్టర్‌లో ఉంటాయి. చిటిక వేయడం మాత్రం నాకు రాదు.

మే 20, మంగళవారం

హైదరాబాద్ నుంచి సుమ ఫోన్. స్పీకర్ పెట్టారు. డబ్బా లేవకముందు వచ్చే నీలం తెర ముందు నేను...

“అక్కా, ఎడమ దిక్కు మూడోది. కాదు, దాని కింద. ఆ, గదే. ఆన్ చెయ్యి.”

చేశాను. ఎర్ర అక్షరాలు పోయాయి.

“మా మరదలంటే మరదలే” అన్నారు ఆయన.

“నీ కంప్యూటర్ గూడ నీ లెక్కనే మొండిది బావా. నెత్తి మీద ఒక్కటియ్యాలె.”

ఇద్దరూ నవ్వారు. నొక్కిన వేలు నాది.

డిస్కుల గురించి నాతో మాట్లాడుతూ ఆయన ఎప్పుడైనా నవ్వారా... గుర్తు రావడం లేదు. “ఉన్నదా?” అంటారు. “ఉంది” అంటాను. అంతే.

మే 21, బుధవారం

పరకాల పెళ్లి, చివరి రోజు. ఆయన అక్కడే. తొక్కుకు మామిడికాయలు తుడిచి ఆరబెట్టాను. తర్వాత డబ్బా మూత తీసి, కార్డు తీగలు నాలుగింటినీ రిజిస్టర్‌తో సరిచూశాను. సరిపోయాయి. టిక్కు పెట్టి తేదీ వేశాను.

పని అయిపోయినా మనసు ఒక చోట నిలవలేదు. పెళ్లికాక ముందు చౌరస్తా పక్కన పెట్టిన కంప్యూటర్ కోర్సు గుర్తొస్తోంది. “ఒక్కల్నే పంపుత” అన్నాడు నాన్న. సుమను పంపమన్నది నేనే. నన్నెవరూ అడగలేదు కూడా.

మే 22, గురువారం

ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

పొద్దున ఆయన వచ్చి పరకాల వీడియోలు మూడో డిస్కులోకి ఎక్కించారు. మధ్యాహ్నం సుమ ఫోన్. ఈసారి అక్కడి నుంచే మా మెషీన్‌లోకి వచ్చి పని చేస్తోంది. తెర మీద బాణం దానంతట అదే కదులుతోంది.

“ఇగ కార్డును అప్పగిస్తున్న బావా. పెండ్లిల అప్పగింతల లెక్కనే. ఇచ్చినంక బయటి మెషీన్‌కు దాని మీద హక్కు లేదు. కండ్లకు గూడ కనవడదు.”

“ఏడ్వాల్నా మరి?”

“నువ్వేడుస్తె ఆపుడు నాతోని గాదు.”

మళ్లీ నవ్వులు. అప్పుడు అడిగింది — “కార్డు మీద పెద్ద డిస్కులు మూడే గద? ఇంకేం లేవు గద?”

“అవే” అన్నారు ఆయన.

నేను తలుపు దగ్గర ఉన్నాను. రిజిస్టర్ చేతిలో ఉంది. కార్డు మీద తీగ గుచ్చే నాలుగో పోర్టు ఖాళీ కాదు. అక్కడ ఒక చిన్న డిస్కు. బయటి మెషీన్ లేచేదే దాని మీద నుంచి. దీపావళి తర్వాత దాని పాత పోర్టు చెడితే, తీగను నాలుగోదానికి మార్చింది నేనే. కార్డు ఇచ్చేయడమంటే బయటిది తను కూర్చున్న పీటను కూడా ఇచ్చేయడమే.

మాట నోటిదాకా వచ్చింది.

చేయనీ అనుకున్నాను. ఒక్కసారి సుమ చేతిలో కూడా ఆగిపోనీ.

బాణం ఆగింది. తెర బిగుసుకుపోయింది. “హలో... బావా? నాకు లైన్ పోయింది...”

ఆయన ముఖం చూశాను. నాకు సంతోషం వేసింది. అదీ రాయాలి.

మే 23, శుక్రవారం

ఆపి మళ్లీ వేస్తే డబ్బా లేస్తోంది. నిమిషం నిలవదు. బయటిది లేవగానే లోపలిది కూడా లేచేటట్టు సుమ పెట్టింది. అది లేచి కార్డు తీసుకుంటుంది, బయటిది బిగుసుకుంటుంది. మళ్లీ మొదటికి.

ఆయన అన్నం ముందు కూర్చుని చేయి కడిగేసుకున్నారు. “పరకాలది కెమెరా చిప్పుల్ల ఉంటది గద” అన్నాను.

“లేదే. నిన్న ఎక్కియ్యంగనే తుడిచిన, సాయంత్రం ఇంకో షూటింగ్ ఉండె. ఆ డిస్కుల తప్ప ఏడ లేదు.”

ఈ సంగతి నిన్న నాకు తెలియదు. తెలిసి ఉంటే చెప్పేదాన్ని. చెప్పేదాన్ననే అనుకుంటున్నాను.

సాయంత్రం పెళ్లికూతురి తండ్రి ఫోన్. “అన్నా, అప్పగింతల వీడియో జర ముందుగాల పంపు. మా అమ్మ దవాఖానల ఉన్నది, పెండ్లికి రాలే. రోజు అడుగుతాంది.” ఆయన “పంపుత” అన్నారు.

మే 24, శనివారం

ఆయన బయటికి పోగానే మూత తీశాను. డివిడి డ్రైవ్ తీగ పీకాను. డివిడిలు అడిగేవాళ్లు లేక మూడేళ్లయింది. కార్డుతో సంబంధం లేని ఆ పోర్టులో చిన్న డిస్కు గుచ్చాను. ఏ డిస్కు మీద నుంచి లేవాలో నీలం తెరలో చూపించాను.

బయటిది లేచింది. ఒక నిమిషం. రెండు. లోపలిది లేచింది. బయటిది పడిపోలేదు. పెద్ద డిస్కులు మూడూ లోపలిదానికి కనబడ్డాయి. మూడో డిస్కు... పరకాల... నాలుగు ఫోల్డర్లు. ఉన్నాయి.

అప్పగింతలు చివరిదాకా చూశాను. పిల్ల చేయి పాలలో ముంచి అత్తగారి చేతిలో పెడుతున్నారు. ఏడ్చాను. ఆ పిల్ల కోసం కాదు.

ఆయన వచ్చి చూశారు. ముందు పరకాలకు వీడియో పంపారు. తర్వాత సుమకు ఫోన్. “మీ అక్క జేసింది. ఇంట్లనే ఇంజినీరును వెట్టుకొని పట్నంకు ఫోన్లు కొడుతున్న నేను.” నా వైపు చూసి నవ్వారు. ఎన్నేళ్లుగానో కావాలనుకున్న నవ్వు. ఎటు చూడాలో తెలియలేదు.

సుమ ఏడుస్తోంది. “తప్పు నాదే అక్కా. అడిగి ఊకున్న, నేను చూడాలె గద. రెండు రోజులసంది అన్నం తినబుద్ధయితలేదు. నాలుగోదానికి అది ఉన్నదని నీకెట్ల తెలిసె?”

“మూత తీస్తె కనబడ్డది” అన్నాను.

కనబడిన మాట నిజం. ఎప్పుడన్నది చెప్పలేదు.

మే 25, ఆదివారం

సుమ రైలెక్కింది. డబ్బాను కళ్లారా చూసి పోతుందట. మెసేజ్ పెట్టింది — “నీ రిజిస్టర్ చూపియ్యక్కా. ఇగ నేను గూడ నీ లెక్కనే రాసుకుంట.”

నలభై ఆరో పేజీ. ‘చిన్న డిస్కు — కార్డు నాలుగో పోర్టుకు మార్చాను.’ నవంబర్ తేదీ. పక్కన బుధవారం నాటి టిక్కు. ఫోన్‌లో సుమ అడగడానికి ఒక్క రోజు ముందు. నా అక్షరాలే, గుండ్రంగా.

పేజీలకు నంబర్లు వేసింది నేనే. ఒకటి చింపితే నలభై ఐదు తర్వాత నలభై ఏడు వస్తుంది. సుమకు లెక్కలు చిన్నప్పటి నుంచీ బాగా వచ్చు.

మళ్లీ సుమే, ఈసారి ఫోన్. “కాజీపేట దాటిన. తొక్కు వెట్టినవా? జర నాకు పక్కకు వెట్టు.”

పెట్టాను. చిన్న సీసా, మూత మీద సుమ పేరు.

రిజిస్టర్ బీరువాలో పెట్టాను. తీసి బల్ల మీద పెట్టాను. మళ్లీ బీరువాలో... మళ్లీ బల్ల మీద.

గేటు చప్పుడు.