మావయ్యతో వెళ్ళింది

బందరు
1958 ఆగస్టు, మంగళవారం రాత్రి

సుగుణ వాళ్ళ అమ్మమ్మ ఇవాళ నాగాయలంక నుంచి బస్సులో వచ్చింది. మనవరాలి కోసం తాటితాండ్ర తెచ్చింది. పిల్ల పది రోజుల కిందటే వాళ్ళ మావయ్యతో ఇంటికి వెళ్ళిందిగా అన్నాను. ఆవిడ నా ముఖంలోకి చూసి, "నాకు కొడుకుల్లేరండీ. దాని తండ్రికి అక్కచెల్లెళ్ళూ లేరు. మావయ్య ఎక్కణ్ణుంచి వచ్చాడండీ?" అంది.

మేట్రనుగా హాస్టలు రిజిస్టరులో ఆ మాట రాసింది నేనే. పోలీసులకి చెబుదామని సూపరింటెండెంటుగారి దగ్గరికి వెళ్తే, "బంధువుతో పంపామని నీ చేత్తోనే రాశావు. ఇప్పుడు కాదంటే ఇక్కడ ఉండేదెవరు, నువ్వా నేనా?" అంది ఆవిడ. నాకు ఈ గది తప్ప ఇల్లు లేదని ఆవిడకి తెలుసు.

సుగుణ పక్కన పడుకునే మేరీని అడిగాను. అతను నెల్లాళ్ళుగా కంచె దగ్గరికి మరమరాల ఉండలు తెస్తున్నాడట. మద్రాసులో పని ఇప్పిస్తానన్నాడట. పదకొండేళ్ళ పిల్లకి ఏం పని? ఆ ఆలోచన చివరిదాకా వెళ్ళలేకపోతున్నాను.

"మావయ్యా అని ఎందుకు పిలిచారే?" అంటే, "పెద్దవాళ్ళని వరస కలిపి పిలవమని మీరేగా చెప్పారండీ" అంది మేరీ.

వెళ్తూ వెళ్తూ ముసలావిడ అతని పేరడిగింది. రేపు నేను తెగించి స్టేషనుకి వెళ్ళినా వాళ్ళు ముందు అడిగేది అదే. నాకు తెలియదు. ఆ రోజు గేటు అవతల నిలబడి, "బావున్నారా అక్కయ్యగారూ" అన్నాడు. వరస కలిపిన మనిషిని పేరేమిటని ఎలా అడుగుతాం? తాళం తీశాను.