శనివారం మాత్ర

తమ్ముడూ ధర్మేంద్రా,

ఫోనులో చెబితే సగంలోనే నీ మనసు వీధిలోకి వెళ్తుంది. అందుకే ఈ ఉత్తరం.

మొన్న శనివారం పాపను ట్యూషన్ దగ్గర మరిచి, కూరగాయల సంచితో ఇంటికి చేరావట. నీ భార్య అనిత చెప్పింది. "రోజూ మాత్ర, నడక, పెందలాడే నిద్ర, అన్నీ బాగానే ఉన్నాయి వదినా. శనివారం వస్తే పాత మనిషైపోతన్నారు. ఏటి సెయ్యను?"

తప్పు నాదే. మనసును ఒకచోట నిలవనివ్వని నీ ఏడీహెచ్‌డీ తగ్గాలని శనివారాలు ఒక్కపొద్దు ఉండమన్నది నేనే. ఆ మాత్ర టిఫిను తిన్నాకే వేసుకోవాలని నాకు తెలియదు. టిఫిను లేదని మాత్రా మానేశావు.

ఇకపై నీ ఒక్కపొద్దులు నేనుంటాను. నువ్వు ఇడ్లీ తిని మాత్ర వేసుకో. వెంకన్నకు ఎవరు పస్తున్నా ఒకటే. ఆ మాత్రకైతే నీ కడుపే కావాలి.

నీ మేలు కోరే
పెద్దక్క